వాసన లేని చేతులు

జీడితోటల్లో ఎర్రచీమలు ఆకులు దగ్గరకు లాగి కుట్టుకున్న గూడును ఎప్పుడైనా చేత్తో నలిపారా? ముక్కులోకి సూదిలా దిగే పుల్లటి ఘాటు ఒకటి లేస్తుంది. చీమ కరిచినచోట మంట పెట్టేదీ అదే. కాలేజీలో మా కెమిస్ట్రీ లెక్చరరు దాని పేరు ఫార్మిక్ ఆమ్లమని బోర్డు మీద రాసినప్పుడు, పరీక్షకు పనికొస్తుందని నోట్సులోకి ఎక్కించుకున్నాను. అంతే. ఆ ఆమ్లం సీసాలు ఒళ్లో పెట్టుకుని పలాస నుంచి ఉద్దానం బస్సెక్కుతాననీ, ఆ వాసనకి నా కూతురు నా పాలే వద్దంటుందనీ అప్పుడు ఎవరైనా చెబితే నవ్వేదాన్ని.

నా ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలిద్దరు మొన్న మా ఇంటికొచ్చారు. "మీరు తేనెటీగలకి ఆమ్లం పెట్టారట కదండీ, ఎలా పెట్టారు?" అని అడిగారు. మా పెద్దపాప పలక అడుగుతూ, చిన్నది ఒళ్లో గింజుకుంటూ ఉంటే ఏదో సగం చెప్పి పంపాను. మిగతా సగం ఇప్పుడు పిల్లలిద్దరూ పడుకున్నాక రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని జ్ఞాపకాలు రాసుకునేంత పెద్ద సర్వీసు కాదు నాది. రెండో కాన్పుకి వదిలేశాను. అయినా ఆ కొద్దికాలంలోని ఒక రోజు నన్ను ఇంకా వదల్లేదు. ఈ పని చేయబోయేవాళ్లకి అది తెలిస్తే మంచిది.

నా పని ఊళ్లలో ఆడవాళ్లకి తేనెటీగల పెంపకం నేర్పడం. మా ఆఫీసు చెక్కపెట్టెలిచ్చేది. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే దేశవాళీ ఈగల్ని పట్టి వాటిలో పెట్టేవాళ్లం. నా పేరెవరికీ పట్టలేదు. బస్సు దిగి గొడుగు విప్పగానే పిల్లలు "ఈగలమ్మ వచ్చింది" అని కేకలు పెట్టేవారు. మొదట్లో సిగ్గేసేది. తర్వాత ఆ పిలుపు వినకపోతే దిగులేసేది.

అక్కుపల్లికి పోయే దారిలో, సముద్రపు హోరు వినబడేంత దూరంలో, కొబ్బరిచెట్ల కింద ఎనిమిది పెట్టెలున్న దొడ్డి ఒకటుండేది. ఆ ఇంటావిడని ఊరంతా అప్ప అని పిలిచేది. నేనూ అలాగే పిలిచేదాన్ని. భర్త సముద్రం మీద వేటకి వెళ్లేవాడు. అప్ప పెళ్లయిన దగ్గర్నుంచీ పలాసలో జీడిపిక్కలు కొట్టే పనిలో ఉండేది. మీలో పలాసవాళ్లకి చెప్పక్కర్లేదు. కాల్చిన పిక్క చిట్లితే కారే నల్లటి సొన ఒంటిమీద పడితే చర్మం ఊడి వస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు అప్ప అరచేతులు బొగ్గు పూసినట్టుండేవి. వేళ్ల కొసల్లో గీతలే లేవు. పప్పన్నం కలుపుకుంటే కారం తగిలి కళ్లవెంట నీళ్లొస్తాయని, గరిటెతో తినేది.

ఈగల పెట్టెలు వచ్చాక ఆమె పిక్కల పని మానేసింది. మెల్లగా చేతులకి కొత్త చర్మం వచ్చింది. ఒకసారి నా చేయి పట్టుకుని తన అరచేతిలో పెట్టుకుని, "సూడు ఈగలమ్మా, నీ సెయ్యి మెత్తనో, నా సెయ్యి మెత్తనో" అంది. పక్కనే వల బాగుచేసుకుంటున్న భర్త తలెత్తకుండా, "దాని సేతులు మెత్తబడ్డాయిగానీ నోరు మెత్తబళ్లేదమ్మా. దానికి మందేటైనా ఉంటే తీసుకురా" అన్నాడు. "నీ నోటికి ముందు తెమ్మను" అని అప్ప జవాబు. వాళ్లింట్లో మాటలకి కొదవుండేది కాదు.

ఆ ఏడు చలికాలం చివర్లో పెట్టెల ముందు ఇసుకలో ఈగలు పాకడం మొదలైంది. ఎగరబోయి పడిపోయేవి. కొన్నిటి రెక్కలు ముడతలు పడి పుట్టేవి. పిల్లలున్న గదులు విప్పి చూస్తే తెల్లటి పిల్లపురుగుల మీద గసగసాలంత ఎర్రటి నల్లులు అంటుకుని కనిపించాయి. అప్ప వంగి చూసి, "ఈగలికీ నల్లులేనా? మా మంచాలు సాల్లేదేటి ఈటికి?" అంది. నవ్వుతూనే అంది. ఆ మర్నాటికి ఒక పెట్టె ముందు పిడికెడు ఈగలు చచ్చిపడి ఉండేసరికి నవ్వు పోయింది.

అంతవరకూ మేం గంధకం పొడి చల్లేవాళ్లం. అది సరిగా పని చేసేది కాదు. ఆ పరిస్థితిలో మా సూపర్వైజర్‌గారు ఆ ఫార్మిక్ ఆమ్లం సీసాలు తెచ్చారు. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చిన పెద్దాయన, శ్రీకాకుళంలో ఉండేవారు. ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం ఉండేది. "రబ్బరు తోటల్లో పాలు విరగ్గొట్టడానికి వాడతారటమ్మా. ఈగలమీద ప్రయత్నించి చూడమని పైనుంచి చెప్పారు. నువ్వు కెమిస్ట్రీ చదివావు కదా, నీ చేతిలో పెడుతున్నాను" అన్నారు. ఆ మాటకి పొంగిపోవాలో భయపడాలో తెలియలేదు. నాకు అలవాటైనదే చేశాను. భయపడ్డాను.

పద్ధతి తేలికే. నీళ్లు కలిపిన ఆమ్లంలో గుడ్డమడత తడిపి, పెట్టె లోపల పట్టు కట్టిన చట్రాలకి పైన రెండు పుల్లలమీద పెట్టి మూత వేయాలి. ఆవిరి పెట్టెంతా నిండి నల్లులు ఊడి కిందపడతాయి. వాటిని చూడటానికి అడుగున నూనె రాసిన కాగితం పరచాలి. కొన్నాళ్లాగి మరోసారి పెట్టాలి. చిక్కు మోతాదులో ఉంది. తక్కువైతే నల్లులు చావవు. ఎక్కువైతే, ఎండ ముదిరితే, ఈగలే ఉండవు. మన దేశవాళీ ఈగకి ఓపిక తక్కువ. ఇల్లు నచ్చకపోతే పిల్లల్ని, తేనెనీ వదిలేసి రాణితో సహా లేచిపోతుంది. పైగా ఇదంతా జీడి పూత విచ్చేలోపే అయిపోవాలి. పూత వచ్చాక పెడితే తేనెకి ఆ కంపు పడుతుంది. పూత పోగొట్టుకుంటే ఏడాది పోయినట్టే.

మొదటిసారి మందు పెట్టినరోజు అప్ప దొడ్లో రెండు పెట్టెలకి నేనే పెట్టి చూపించాను. "అప్పా, జాగ్రత్త. ఇది జీడిసొన కన్నా ఎక్కువ కాలుతుంది. చేతికి తగలనీయకు" అన్నాను.

"జీడి మంట నాకా సెప్తన్నావు? నా ఇంటిపేరు అదే కదేటి" అంది.

ఆమె తోడికోడలు పగలబడి నవ్వింది. ఆవిడ కూడా పిక్కలు కొట్టిన మనిషే. ఆఫీసువాళ్లిచ్చిన రబ్బరు గ్లవుజుల జత ఒక్కటే ఉంటే అది వాళ్లకిచ్చాను. మిగిలిన ఆరు పెట్టెలూ దగ్గరుండి పెట్టించాలనే వెళ్లాను. కానీ పాప అప్పటికి ఎనిమిదో నెల పిల్ల. పలాసలో అత్తగారి దగ్గర వదిలి వచ్చాను. మధ్యాహ్నమయ్యేసరికి పాలు నిండి రొమ్ములు రాళ్లయ్యాయి, జాకెట్టు తడిసిపోతోంది. కొంగు నిండా కప్పుకున్నా మా ఫీల్డుమాన్ గమనించాడో ఏమో. ఆయన సంతబొమ్మాళి వైపు మనిషి, నలుగురు పిల్లల తండ్రి. "మీరు ఎల్లిపోండి మేడమ్. ఈ బస్సు తప్పితే మరి సాయంత్రానికే. ఇక్కడ నానున్నాను కదా" అన్నాడు. వెళ్లిపోయాను. ఆయన మాత్రం పక్క దొడ్లో పెట్టెలు చూడ్డానికి వెళ్లాడట. ఆ ఆరింటికీ అప్ప, తోడికోడలు కలిసి పెట్టారు.

ఆ సాయంత్రం పాపని ఒళ్లోకి తీసుకుంటే ముఖం తిప్పేసింది. మళ్లీ పెడితే ముక్కు ముడిచి, వెనక్కి విల్లులా వంగి ఏడ్చింది. నా గోళ్లలో, చీరకొంగులో ఆ పులుపు ఘాటు. స్నానం చేశాను, చీర మార్చాను, కుంకుడురసంతో చేతులు తోముకున్నాను. కాస్త తాగింది, వదిలేసింది. ఆ తర్వాత రోజుల్లో ఆఫీసు గదిలో ఆమ్లానికి నీళ్లు కలిపి అన్ని ఊళ్లకీ సీసాలు పంచే పని నాదే. రోజూ అదే వాసన, రోజూ అదే ఏడుపు.

"ఏటే నీ ఉద్యోగం? సంటిది బక్కసిక్కిపోతంది. తల్లి దగ్గరకి రావాలంటే భయపడతంది" అంది అత్తగారు. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంది. మా వారు టెక్కలి ఆఫీసు నుంచి వచ్చి అరటిపండు చిదిమి పెడితే పాప ఇంత తినేది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. అన్నిటికీ మించి నాకు వేరే భయముండేది. ఈ చేతుల మీద కంటికి కనిపించనిదేదో మిగిలి, అది పాప నోట్లోకి పోతే? రాత్రిళ్లు లేచి పాప పెదవులు ఎర్రబడ్డాయేమోనని లాంతరు దగ్గరగా పెట్టి చూసేదాన్ని.

వారం తిరిగాక అప్ప దొడ్డికి వెళ్లి కాగితాలు బయటికి లాగాం. నేను పెట్టిన రెండు పెట్టెల కింద ఎర్రగా, ఇసుక రాలినట్టు నల్లులు. మిగతా ఆరింటి కింద మైనపు పొట్టు, ఈగల కాళ్లు. నల్లి ఒక్కటి లేదు. పెట్టెల ముందు పాకే ఈగలు మాత్రం ముందుకన్నా ఎక్కువయ్యాయి. అప్ప కాగితం దులిపి పక్కన పెట్టింది.

"పిక్కల మేస్త్రీ కబురెట్టాడు. కొత్త సరుకు దిగిందట, మనుసులు కావాలట" అంది.

"నువ్వేమన్నావు?"

"పూత సూసి సెప్తానన్నాను. ఈగల్లేకపోతే మరేటి సేత్తాను ఈగలమ్మా? ఎల్లిపోతాను." కొత్త చర్మం వచ్చిన చేతులు రెండూ చంకల్లో దాచుకుని నిలబడింది, చలేసినట్టు. అప్పుడు చలి లేదు.

సూపర్వైజర్‌గారికి సంగతి చెప్పాను. ఆయన లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుని, "మోతాదు చాల్లేదు. రెండోసారి రెట్టింపు చిక్కగా పెడదాం. నేనే వస్తాను" అన్నారు.

"మరి నేను పెట్టిన రెండూ బాగానే ఉన్నాయి కదండీ?"

"వాటిలో రోగం తక్కువ ఉండి ఉంటుందమ్మా."

ఆయన మొండివాడు కాదు. వెనకటి ఊళ్లో మందు తక్కువ వేసి, చూద్దాం చూద్దాం అంటూ ఒక తోట నిండా ఉన్న పెట్టెలు పోగొట్టుకున్నారట. అది ఆయన్ని వదల్లేదు. నాకేమో ఎండ కనిపిస్తోంది. రోజురోజుకీ ముదురుతున్న ఎండలో రెట్టింపు ఆవిరి. ఎనిమిది పెట్టెలూ ఒకేసారి లేచిపోయి, కొబ్బరితలల మీద నల్లమబ్బులా తిరిగి, సముద్రం వైపు మాయమైపోవడం కళ్లు మూసుకుంటే కనిపించేది. కానీ నా దగ్గర ఆయనకి చెప్పడానికి కారణం లేదు. భయం ఉంది. భయాన్ని కారణంగా ఏ ఆఫీసులో ఒప్పుకుంటారు?

రెండోసారి మందు పెట్టాల్సిన రోజు అత్తగారు చుట్టాలింట్లో చావుకబురు వచ్చి తెల్లారకుండా వెళ్లిపోయారు. మా వారికి సెలవు లేదు. పాపని ఎత్తుకునే జీపెక్కాను. సూపర్వైజర్‌గారు పాపని చూశారు, సీసాలని చూశారు, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నారు. దారిలో కుదుపులకి ఒక సీసా బిరడా వదులైతే నేనే బిగించాను. ఇంకేముంది, పాప నా దగ్గర ఉండనని దారంతా ఏడుపు. ఫీల్డుమాన్ ఒళ్లో కాసేపు, డ్రైవరు పాట పాడితే కాసేపు ఊరుకుంది.

దొడ్లోకి అడుగుపెట్టేసరికి అప్ప ఎదురొచ్చింది. "అయిపోయింది ఈగలమ్మా. తెల్లారే ఆరింటికీ మందు ఎట్టీసినాం. నువ్వే కదా సెప్పినావు, ఎండెక్కకముందే ఎట్టీమని."

ముందురోజు ఫీల్డుమాన్ పాత మోతాదు సీసా వాళ్లకిచ్చి వచ్చాడట. సూపర్వైజర్‌గారు "సరే, అవి తీసేసి ఇవి పెడదాం" అని జీపులోంచి సీసాలు దింపిస్తున్నారు. పాప నా భుజం మీద గుక్కపెట్టి ఏడుస్తోంది. అప్ప చేతులు చాపింది. "ఇలగియ్యి గుంటని. నీ దగ్గర సీమల కంపు." పాప ఆమె మీదకి దూకింది. దూకిన మరుక్షణం ఏడుపు ఆగిపోయింది.

నేను సీసాల దగ్గరకి రెండడుగులు వేసి, ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. పాప అప్ప వేళ్లు రెండు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

ఇందాకే ఆరు పెట్టెలకి మందు పెట్టిన వేళ్లు.

నేనెలా అరిచానో నాకు తెలియదు. చెట్టుమీది కాకులు లేచాయని తర్వాత చెప్పారు. పరుగెత్తి ఆ చేయి లాగేసి, పాప దవడ పట్టుకుని నోరు తెరిపించాను. "నీళ్లు, నీళ్లు" అంటున్నాను. తోడికోడలు చెంబు తెచ్చేలోపే చూశాను. నాలుక గులాబీరంగులో శుభ్రంగా ఉంది. పెదవులు ఎర్రబడలేదు. చుట్టూ బూడిదరంగు చార మాత్రం ఉంది. పాప నా ముఖం చూసి బిత్తరపోయింది కానీ మంట ఏడుపు ఏడవలేదు. అసలు పెదవులు చప్పరించడం మానలేదు. ఇంకా కావాలన్నట్టు అప్ప చేతికేసి వంగుతోంది.

అప్ప చేయి తీసుకుని వాసన చూశాను. రెండో చేయీ చూశాను. పొయ్యి వాసన. అంతే.

"పొద్దున్న మందు ఎవరు పెట్టారు అప్పా?"

"నానే. ఇది అందించింది."

"ఈ చేతుల్తోనా?"

"మరెవుల సేతుల్తో ఎడతారు?" అప్పకి కోపం వచ్చింది. "నా సేతుల్లో ఇసం ఉన్నట్టు ఏటలగ లాగీసినావు? సంటిపిల్లని ఎత్తుకోడం నాకు తెల్దేటి?"

"గ్లవుజులేవి?"

తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవి తొడుక్కుంటే సచ్చినోడి తోలు తొడుక్కున్నట్టుంది బాబూ. గుడ్డ సేతికి దొరకదు. అందుకే బుగ్గిలో పొల్లించీసినాం."

"ఏది పొర్లించారు?"

"మందుగుడ్డే. పిక్కలకి సెయ్యమేటి? కాల్చిన పిక్కని బుగ్గిలో పొల్లిత్తే సొన తాగీసి సెయ్యి కాలదు. నువ్వే కదా జీడికన్నా మంట అన్నావు. తడిపిన గుడ్డని సీపురుపుల్లతో ఎత్తి బుగ్గిలో పొల్లిత్తే బుస్సుమని నురగొచ్చింది. మంటంతా దిగిపోయింది. మరి హాయిగా సేత్తోనే ఎట్టీసినాం."

బుస్సుమని నురగ! కాలేజీ ల్యాబులో ఎన్నిసార్లు చూశాను దాన్ని. బూడిదలో ఉన్నది క్షారం. ఆమ్లం తగిలితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మంట పోయిందంటే మందు పోయినట్టే. ఆరు పెట్టెల్లోనూ రెండుసార్లూ వాళ్లు పెట్టింది తడి బూడిద గుడ్డలు. నల్లి ఎందుకు చస్తుంది? పాపకి కంపెందుకు కొడుతుంది? ఇన్ని రోజులుగా నా ముక్కు, నా అత్తగారి ముక్కు, పాప ముక్కు అన్నీ చెబుతున్నదేమిటంటే, నిజంగా మందు ముట్టుకున్న చేయి వాసన కొట్టి తీరుతుందని. అప్ప చేయి కొట్టడం లేదు.

సూపర్వైజర్‌గారి ఎదుటే పొయ్యిలోంచి బూడిద తెప్పించి రాయి మీద పోసి, ఆమ్లం చుక్క వేసి చూపించాను. నురగ లేచి ఆగిపోయింది. వంగి వాసన చూడమన్నాను. చూశారు. లవంగం నమలడం ఆపారు.

"అంటే మోతాదు తప్పు కాదంటావు."

"మోతాదు ఈ ఆరింటికీ అసలు అందనే లేదండీ. అందిన రెండింటిలో నల్లులు రాలాయి. బూడిద లేకుండా మామూలు మోతాదే పెడదాం. రెట్టింపు వద్దు."

"పని చెయ్యకపోతే? మూడోసారికి టైము లేదమ్మా. పూత మొదలైపోతోంది. నేను ఒకసారి తగ్గించి చెడ్డాను."

"లేచిపోతే అసలు ఏ సారీ ఉండదు కదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన అప్ప వైపు తిరిగి, "ఇవి నీ ఈగలు. ఏమంటావు?" అన్నారు.

అప్ప ఇంకా నా మీద అలిగే ఉంది. పాపని తోడికోడలికిచ్చి, "అలగైతే నా బుగ్గి వల్లే నా ఈగలు సత్తన్నాయా?" అని నన్నడిగింది. "సెప్పు. మొగమాటం పడకు."

"నేను జీడిలా కాలుతుందన్నాను. జీడికి నువ్వేం చేస్తావో అడగలేదు" అన్నాను.

అప్ప దొడ్లో పడున్న ఎండు కొబ్బరిమట్ట చీల్చి, మధ్యకి విరిచి, పట్టకారులా వంచింది. "ఈగలమ్మ సెప్పినంతే ఎట్టండి బాబూ. ఎక్కువొద్దు" అంది సూపర్వైజర్‌గారితో.

బూడిద గుడ్డలు తీసేసి, కొత్త గుడ్డలు తడిపి, ఆ మట్టతో ఆమే ఆరు పెట్టెల్లోనూ పెట్టింది. ఈసారి ఘాటుకి అందరికీ కళ్లవెంట నీళ్లొచ్చాయి. ఫీల్డుమాన్ దగ్గుతూ, "ఇది మందంటే! ఇన్నాళ్లూ ఈబూదెట్టుకుని పూజ సేసినారు" అన్నాడు. అప్ప మట్టతో ఆయన్ని అదిలించింది.

పని అయ్యాక అప్ప నన్ను నూతి దగ్గరకి లాక్కెళ్లింది. చిప్పలో బూడిద తీసుకుని, గిన్నెలు తోమినట్టు నా చేతులు మోచేతుల దాకా తోమింది. గోళ్ల సందుల్లోకి కొబ్బరిపీచు పెట్టి రుద్దింది. తన ఉతికిన చీర ఒకటి ఇచ్చి కట్టుకోమంది. "ఇప్పుడు సూడు" అంది. పాపని ఒళ్లో వేసుకున్నాను. వాసన చూసింది. కాసేపు నా ముఖం పరీక్షించింది. తర్వాత తాగింది. గుటకలు వినిపించేలా, చెమట పట్టేదాకా తాగింది. నేను గోడవైపు తిరిగి కూర్చుని ఏడ్చాను. ఏమీ ఎరగనట్టు అప్ప నీళ్లు తోడుకుంటూ ఉండిపోయింది.

అయితే ఆ రోజు అక్కడితో అయిపోలేదు. ఎండ నెత్తికెక్కేసరికి ఈగలు బయటికి రావడం మొదలుపెట్టాయి. పెట్టెల ముఖద్వారాల దగ్గర గడ్డాల్లా వేలాడాయి. అంచున ఉన్న పెట్టె గుంయ్‌మని హోరెత్తి, అందరం చూస్తుండగానే లేచిపోయింది. కొబ్బరితలల చుట్టూ ఒక చుట్టు తిరిగి, సరుగుడు తోటల మీదుగా సముద్రం వైపు వెళ్లిపోయింది. నేను కళ్లు మూసుకుని చూసిందే, కళ్లు తెరిచి చూశాను. వేట నుంచి అప్పుడే వచ్చిన అప్ప భర్త తడివల భుజాన వేసుకుని, "ఇసరమంటావేటే?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన వల కింద పెట్టేసి, బిందె తీసుకుని పెట్టెలకి నీడగా కట్టిన తడికలమీద నీళ్లు కొట్టడం మొదలుపెట్టాడు. అందరం కొట్టాం. సూపర్వైజర్‌గారు కూడా పంచె ఎగ్గట్టి తోడారు.

గాలి తిరిగేదాకా అలాగే నిలబడ్డాం. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి చల్లగా వచ్చింది. గడ్డాలు మెల్లగా పలచబడ్డాయి. ఒక్కొక్క ఈగే వెనక్కి నడిచి లోపలికి పోయింది.

"మామూలు మోతాదుకే ఇలా ఉంది" అన్నారు సూపర్వైజర్‌గారు. జీపెక్కేటప్పుడు ముందు సీట్లో పాపతో నన్ను కూర్చోమని, సీసాలు తన కాళ్లమధ్య పెట్టుకుని వెనక కూర్చున్నారు.

ఏడు పెట్టెలు మిగిలాయి. నాలుగోరోజు వెళ్తే అప్ప దారిలోకి ఎదురొచ్చింది, కాగితం చేత్తో పట్టుకుని. దానిమీద ఎర్రగా నల్లులు. ఇసుకలో పాకే ఈగలు తగ్గుతూ వచ్చి, పూత విచ్చేసరికి లేకుండా పోయాయి. ఆ ఏడు అప్ప పిక్కల పనికి వెళ్లలేదు. ఆ తర్వాత ఏడూ వెళ్లలేదని నేను ఉద్యోగం వదిలే ముందు చూశాను. ఇప్పుడెలా ఉందో తెలియదు. కొత్తగా వచ్చిన అమ్మాయిలకి నేను మొదట చెప్పిన మాట, ఆ ఊరు వెళ్తే ముందు ఆమె చేతులు చూసి రండి, నాకు చెప్పండి అని.

రెండో మాట. ఏ మందైనా ఎంత మండుతుందో చెప్పి ఊరుకోకండి. మండితే మీరేం చేస్తారని అడగండి. వాళ్లు జవాబు చెప్పేదాకా బస్సు తప్పిపోయినా ఫరవాలేదు. పాలు గడ్డకట్టినా ఫరవాలేదు అని రాయబోయి ఆగాను. ఆ మాట నేను చెప్పలేను.

చివరిసారి వీడ్కోలు చెప్పడానికి వెళ్లినప్పుడు తేనె ఇస్తుందనుకున్నాను. ఇచ్చింది కూడా. దాంతోపాటు పాత పాలడబ్బా ఒకటి చేతిలో పెట్టింది. లోపల గుడ్డలో జల్లించిన మెత్తటి బూడిద. "మందు ముట్టకముందు కాదు. ముట్టినాక. సంటిదాన్ని ఎత్తుకోకముందు. మరిసిపోకు" అంది.

నేను ఆమ్లం ముట్టుకుని ఇప్పటికి చాలాకాలమైంది. డబ్బా మా నూతి గట్టు మీద ఇంకా ఉంది. అయిపోతే మా పొయ్యి బూడిదే జల్లించి నింపుతాను. అత్తగారు చూసి నవ్వుతారు. నవ్వనీ. చిన్నది ఇప్పుడే కదిలింది, ఎత్తుకోవాలి. ముందు చేతులు వాసన చూసుకుంటాను.